నల్లబల్ల ప్రక్కన కంప్యూటరు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "మాస్టర్ సాబ్, యీసారి తరగతి గదిలో కంప్యూటరు, ఇంటర్నెట్ వాడకం గురించి మీరు పదిహేను నిముషాలు మాట్లాడాలి" అన్నారు. ఫోను పెట్టేసేముందు మళ్ళీ "పదిహేనే" అన్నారు. మాస్టర్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. ప్రయత్నిస్తాను.

నేను కంప్యూటరు నిపుణుణ్ణి కాను. ఇరవై ఏళ్ళుగా ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతున్నవాణ్ణి. కావున యంత్రం లోపల ఏముందో నేను చెప్పలేను. ఆ యంత్రం మా తరగతిలోకి వచ్చిన తరువాత ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నదే చెప్పగలను. మన ఇళ్ళలో దీని గురించి రెండు మాటలు వినబడుతుంటాయి. ఒకటి: "కంప్యూటరు వచ్చింది గదా, యింక మాస్టర్లెందుకు?" రెండోది: "ఫోను చేతికిస్తే పిల్లలు చెడిపోతారు." యీ రెండింటికీ జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదటి మాట కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా వారి ఉపగ్రహం ఒకటి అరువు తీసుకుని, మన ఇస్రోవారు దేశంలోని ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపినారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా వుంది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. యింక మాస్టర్ల పని అయిపోయినట్లే అని అప్పుడే కొందరనుకున్నారు. 1984–85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం క్రింద బడులకు బి.బి.సి. మైక్రో అనే కంప్యూటర్లు యిచ్చింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువుల కోసమే ఎడ్యుసాట్ అనే ఉపగ్రహాన్ని పంపినారు. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు యిచ్చినారు. ఆ తరువాత చాలా బడుల్లో నల్లబల్ల ప్రక్కన పెద్ద తెరలు వచ్చినాయి. యాభై ఏళ్ళు గడిచినాయి. మాస్టర్లు యింకా వున్నారు. మీ ఎదుట ఒకడు నిలబడి వున్నాడు.

ఎందుకు వున్నారంటే, యంత్రం వచ్చినంత మాత్రాన పాఠం రాదు గనుక. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో కంప్యూటరు గది వుండేది. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. యంత్రాలకు గుడ్డ కప్పి వుండేది. తాళంచెవి ఒకరి దగ్గర, కరెంటు ఎవరి దగ్గరా లేదు. పిల్లలు కిటికీలోంచి చూసి, "అదిగో కంప్యూటరు" అని చెప్పుకొని పోయేవారు. ఆ గదిని ఎవరూ చెడగొట్టలేదు, ఎవరూ వాడలేదు. ఇన్‌స్పెక్షను రోజున మాత్రం గుడ్డ తీసేవాళ్ళు.

అది నవ్వుకోదగిన సంగతి. నవ్వలేని సంగతి ఒకటి చెబుతాను.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూసినారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. మేము వాట్సాప్‌లో తరగతికొక గ్రూపు పెట్టుకున్నాము. నేను రోజూ ఒక పాఠం వీడియో తీసి పంపేవాణ్ణి. చాలా శ్రద్ధగా చేసినాను, అబద్ధమెందుకు! ఇంట్లో గోడకు నల్లరంగు పూసి, మా ఆవిడ చేత ఫోను పట్టించి పాఠాలు చెప్పినాను. పంపిన పాఠం అందరూ తెరిస్తే రెండు టిక్కులు నీలిరంగులోకి మారుతాయి గదా. సాయంత్రానికల్లా నీలి టిక్కులు వచ్చేవి. అందరికీ పాఠం చేరిందని నేను తృప్తిగా నిద్రపోయేవాణ్ణి.

నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచినారు. నా తొమ్మిదో తరగతిలో లెక్కల్లో మొదటి వరుసలో వుండే ఒక అమ్మాయి రాలేదు. వారం చూసి ఇంటికి పోయినాను. ఆమె తండ్రి చీనీకాయల మండీలో లోడు ఎత్తే మనిషి. ఇంటికంతా ఒకటే ఫోను. పనికి పిలుపు దానికే వస్తుంది గనుక అది ఆయన జేబులోనే వుండాలి. ఆయన నన్ను చూసి చాలా మర్యాదగా, "సార్, మీరు పంపినవన్నీ నేను తెరిచినాను. ఒక్కటి గూడా విడవలేదు. పిల్లకు చూపిద్దామని ఇంటికి తెచ్చేసరికి రాత్రి పది అవుతుండె, డేటా అయిపోతుండె" అన్నాడు.

నీలి టిక్కులు ఆయనవి. మండీలో బుట్టల నడుమ నా పాఠాలు తెరుచుకొన్నాయి. అమ్మాయి లోపల చీరలకు ఫాల్ కుడుతూ వుంది. బడికి రమ్మంటే తల ఎత్తకుండా "నక్కో సర్" అంది. "అందరూ ముందుకు పోయినారు, నాకేమీ రాదు యిప్పుడు" అంది. నేను మూడుసార్లు పోయినాను. ఆమె రాలేదు. ఆ తరువాతి ఏడు పెళ్ళి చేసి పంపినారు. తండ్రిని నేను తప్పు పట్టలేదు. తప్పు నాది. పాఠం పంపడం, పాఠం చెప్పడం ఒకటేననుకున్నాను. ఒక్క రోజు మామూలుగా ఫోను చేసి "అమ్మా, నిన్నటి లెక్క చేసి చూపించు" అని అడిగివుంటే మొదటి వారంలోనే తెలిసిపోయేది. ఆ అమ్మాయి చెల్లెలు యిప్పుడు నా ఏడో తరగతిలో వుంది. యీ వేదిక మీద యీ మాట చెప్పడానికి కారణం ఆ పిల్లే.

యిది నా ఒక్కని అనుభవం మాత్రమే కాదు. దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం వుంది. అక్కడి ప్రభుత్వం బీద పిల్లలకు 8 లక్షలకు పైగా చిన్న లాప్‌టాప్‌లు పంచింది. 2012లో పండితులు లెక్క తీసి చూస్తే, లాప్‌టాప్ వున్న బడికీ లేని బడికీ లెక్కల్లోగాని భాషలోగాని తేడా కనిపించలేదు. పిల్లలు యంత్రం నడపడం నేర్చుకున్నారు, అంతే. యిక మన ఢిల్లీలోనే 2015లో మరొక పరిశీలన జరిగింది. బడి అయిన తరువాత పిల్లలు ఒక కేంద్రానికి వచ్చేవారు. 45 నిముషాలు కంప్యూటరు ముందు, 45 నిముషాలు ఒక మనిషి దగ్గర చిన్న గుంపుగా. ఆ కంప్యూటరు ప్రతి పిల్లవాడికి ఎంత వచ్చో ముందు చూసి, అక్కడి నుంచి లెక్కలిచ్చేది. ఆరో తరగతి పిల్లలు సగటున రెండేళ్ళకు పైగా వెనుకబడి వున్నారని తేలింది. ఆరో తరగతి పుస్తకం చేతిలో, మూడో తరగతి లెక్క బుర్రలో! నాలుగున్నర నెలల్లోనే వాళ్ళు మిగతావారికన్నా బాగా ముందుకు వచ్చినారు. రెండు చోట్లా యంత్రమే. ఒకచోట యంత్రం యిచ్చి వదిలేసినారు. ఒకచోట పిల్లవాడెక్కడున్నాడో అడిగినారు, ప్రక్కన మనిషిని పెట్టినారు. నేను చెప్పదలచుకున్నది యిదే. పిల్ల ఎక్కడుందో తెలుసుకొని వాడితే కంప్యూటరు మంచి పనిముట్టు. తెలుసుకోకుండా వాడితే అది కూడా గుడ్డ కప్పిన పెట్టెతో సమానమే, గుడ్డ తీసి వున్నా సరే.

యిప్పుడు మా తరగతి గదిలోకి రండి.

మా గదికి పెద్ద తెర వచ్చిన కొత్తలో ఆబీచక్రం, అంటే నీటి చక్రం పాఠం తెర మీద వేసినాను. చాలా అందమైన బొమ్మ. మంచుకొండ, నది, సముద్రం, పచ్చిక. పిల్లలు నోరు తెరుచుకొని చూసినారు. నేను కుర్చీలో కూర్చొని కాస్త విశ్రాంతి తీసుకున్నాను, దాచుకోవడమెందుకు. అయిపోయిన తరువాత "ఏం తెలిసింది?" అని అడిగితే ఒకడు లేచి, "అక్కడ నీళ్ళు బాగా వున్నాయి సార్" అన్నాడు. అనంతపురం పిల్లవాడు యింకేమంటాడు? సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ యిటూ వాన పడే సీమ మనది. వేరుసెనగ వేసి ఆకాశం చూసే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు వాళ్ళు. ఆ బొమ్మలో వాళ్ళ వూరు లేదు.

మరుసటి రోజు అదే తెర మీద గూగుల్ ఎర్త్ తెరిచినాను. మన ఇస్రోవారు 2009 నుంచి నడుపుతున్న 'భువన్' కూడా యిలాంటిదే. భూగోళం గిర్రున తిరిగి, భారతదేశం, ఆంధ్రప్రదేశ్, అనంతపురం, బుక్కరాయసముద్రం చెరువు. అక్కడ ఆపినాను. గదంతా ఒక్కసారి లేచింది. "మా నాయనమ్మ వాళ్ళ ఇల్లు!" "అదిగో రోడ్డు!" ఏ సంవత్సరంలో చెరువు ఎంత వుండేదో పాత చిత్రాలు గూడా అందులో వెనక్కు జరిపి చూడవచ్చు. చెరువు పెరగడం, ముడుచుకోవడం పిల్లలు కళ్ళారా చూసినారు. ఇక నేను ఏమీ చెప్పనక్కరలేకపోయింది. నీళ్ళు ఎక్కడికి పోయినాయి అని వాళ్ళే అడిగినారు.

తరువాత మా బడి కప్పు దగ్గరికి వచ్చినాము. ముందు టేపు పట్టుకొని పిల్లలు బయట కొలిచినారు. పొడవు 20 మీటర్లు, వెడల్పు 10. రఖ్బా, అంటే వైశాల్యం, 200 చదరపు మీటర్లు. తెర మీద గీసి కొలిస్తే 206 వచ్చింది. "కంప్యూటరు తప్పా, మనం తప్పా?" అని పెద్ద జగడం. గోడ దాటి బయటికి వచ్చిన చూరును మేము కొలవలేదు, తెర మీద గీసిన గీత అటూ యిటూ జరిగింది. రెండింటిలోనూ కొంత తప్పుంటుందని ఆ రోజు నేర్చుకున్నారు. ఆ ముక్క ఏ పుస్తకంలో చెప్పినా అంత బాగా ఎక్కదు.

అప్పుడు లెక్క వేసినాము. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల మీద 550 మిల్లీమీటర్లంటే 1,10,000 లీటర్లు. వేసవిలో మా వీధికి వచ్చే ట్యాంకరు 5,000 లీటర్లదనుకుంటే 22 ట్యాంకర్లు. గదిలో చప్పుడు లేదు. నేను చెప్పిన చెల్లెలు పిల్ల, మామూలుగా నోరు విప్పనిది, లేచి నిలబడి "అంత నీళ్ళు యిప్పుడు యాడికి పోతున్నాయి సార్?" అంది. ఆ ప్రశ్న కోసమే నేను మాస్టరునైనాను అనిపించింది. కొంత ఆవిరై, కొంత కారి పోతుంది, అంతా పట్టుకోలేము అని చెప్పినాను. సగం పట్టినా పదకొండు ట్యాంకర్లు అని ఆ పిల్లే లెక్క చెప్పింది.

గమనించండి. ఆ పీరియడులో తెర వెలిగింది పది నిముషాలు. మిగతాదంతా టేపు, సుద్దముక్క, జగడం. మంచి పాఠానికి యీ పాళ్ళు చాలు.

యిక మన పిల్లలకు మాత్రమే వున్న ఒక కష్టం చెప్పాలి. భాష. మన పిల్ల ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, పుస్తకంలో ఉర్దూ చదువుతుంది, వీధిలో తెలుగు, తెర మీద ఎక్కువగా ఇంగ్లీషు. ఆకు ఎండలో అన్నం వండుకొనే పని ఒకటే. దానికి ఉర్దూ పుస్తకంలో 'జియాయీ తాలీఫ్', తెలుగులో 'కిరణజన్య సంయోగ క్రియ', ఇంగ్లీషులో 'ఫోటోసింథసిస్'. మూడూ నోరు తిరగనివే. త్రిభుజం 'ముసల్లస్', భిన్నం 'కసర్', చతురస్రం 'మురబ్బా'. మురబ్బా అనగానే నా తరగతిలో ప్రతి ఏడూ ఎవడో ఒకడు నవ్వుతాడు. రాతలో తేడా వున్నా పలకడంలో ఇంట్లో పెట్టుకునే పండ్ల మురబ్బా అదే గదా!

యీ మాటలు ఊరికే రాలేదు. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నెలకొల్పేముందు, 1917లోనే దారుల్ తర్జుమా పెట్టి పండితులు కూర్చొని సైన్సు, వైద్యం, న్యాయశాస్త్రం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చినారు. ఉపన్యాసం మొదలుపెట్టే ముందే మాట సిద్ధం చేసుకున్నారు. మనం తెర ముందు తెచ్చుకున్నాము, మాట సంగతి తరువాత చూద్దామన్నాము. దానివల్ల ఏమవుతుంది? పిల్ల వీడియో చూస్తుంది, అర్థమైనట్లుంటుంది, పరీక్షలో ఉర్దూ మాట కనబడితే అది వేరే సంగతి అనుకొంటుంది. అందుచేత నేను వీడియో ముందు నల్లబల్ల మీద మూడు భాషల్లో మూడు మాటలు రాస్తాను. ధ్వని ఆపేసి బొమ్మ మాత్రం నడిపిస్తాను. మాట నేను చెబుతాను, మన దక్కనీలోనే. తరువాత ఒక పిల్ల వచ్చి అదే బొమ్మకు మాట చెప్పాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరికి ఎంత వచ్చిందో.

ఉర్దూకు కంప్యూటరు పరాయిది అనుకోకండి. మన పెద్దల కాలంలో ఉర్దూ పత్రికలన్నీ కాతిబులు చేత్తో రాసినవే. 1981లో పాకిస్తానులోని 'జంగ్' పత్రిక కంప్యూటరు మీద నస్తాలీఖ్ అక్షరాలతో వచ్చింది. 1994లో ఢిల్లీ నుంచి 'ఇన్‌పేజ్' వచ్చింది. అయితే పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన పాఠాన్ని ఫోనులోకి తీసుకుంటే అక్షరాలు పిచ్చి గీతలైపోతాయి. అందుకే మన మాస్టర్లు యిప్పటికీ ప్రశ్నపత్రం ఫోటో తీసి పంపుకుంటారు. యూనికోడ్‌లో కొట్టితే ఏ ఫోనులోనైనా కనబడుతుంది, వెదికితే దొరుకుతుంది. వేళ్ళకు కష్టమైతే నోటితో చెబితే ఫోనే ఉర్దూలో రాసుకుంటుంది. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు ఉర్దూలో ఉచితంగా దింపుకోవచ్చు. 2013లో మొదలైన 'రేఖ్తా'లో ఉర్దూ కవిత్వం, పాత పుస్తకాలు లెక్కలేనన్ని వున్నాయి. బావి వుంది. చేద మనమే వేయాలి.

యిక రెండో మాట. ఫోను చెడగొడుతుందా? చెడగొడుతుంది. నేను కాదనను. రాత్రి రెండింటి దాకా ఆటలాడి మొదటి పీరియడులో నిద్రపోయే పిల్లల్ని రోజూ చూస్తున్నాను. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చిన తరువాత హోంవర్కు కూడా అదే రాసి పెడుతోంది. 'మా ఊరు' అని వ్యాసం రాయమంటే ఒక పిల్లవాడు చక్కగా రాసుకొచ్చినాడు: "మా ఊరి ప్రక్కన గలగల పారే నది వున్నది" అని. వాళ్ళ వూరి ప్రక్కన నది లేదు, వంక వుంది, అందులో ఇసుక వుంది. ఆ యంత్రం తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధైర్యంగా చెబుతుంది. అది చెప్పినదాన్ని పరీక్షించడం పిల్లలకు నేర్పాలి. మా తరగతిలో ఆ వ్యాసాన్నే నల్లబల్ల మీద రాయించి, అబద్ధాలు ఏరండి అన్నాను. ఏడు దొరికినాయి. రాసుకొచ్చినవాడే నాలుగు పట్టినాడు.

అయితే ఒక మాట అడుగుతాను, తల్లిదండ్రులు కోపగించుకోవద్దు. చెడిపోతారనే భయం కొడుకు విషయంలో ఎందుకు రాదు? ఇంట్లో ఒక ఫోను వుంటే అది సాయంత్రం కొడుకు చేతిలో వుంటుంది. కూతురు అడిగితే "నీకెందుకు?" అంటాము. నా తరగతిలో నెట్ చూసి చేయవలసిన పని యిస్తే మగపిల్లలు చేసుకొస్తారు, ఆడపిల్లలు తలవంచుకొని నిలబడతారు. తెలివి తక్కువై కాదు. ఫోను అందక.

కావున ఉత్తమాటలతో ముగించకుండా సంఘం ముందు నాలుగు విన్నపాలు పెడుతున్నాను.

మొదటిది. మన షాదీఖానాలో పెళ్ళిళ్ళు లేని రోజులే ఎక్కువ. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక గది చదువుకు యివ్వండి. ఒక కంప్యూటరు, ఒక నెట్ కనెక్షను, ఒక బల్ల చాలు. అందులో ఒక గంట ఆడపిల్లలకు మాత్రమే. వాళ్ళకు చదువుకున్న మన ఇంటి ఆడపడుచు ఎవరైనా తోడుండాలి. ఇంటరు, డిగ్రీ చదువుతున్న అమ్మాయిలు మనలో చాలామంది వున్నారు.

రెండోది. యంత్రం కొనే ముందు మనిషిని చూడండి. తాళంచెవి ఎవరిది, కరెంటు పోతే ఏం చేయాలి, పిల్ల రాకపోతే ఇంటికి పోయి అడిగేదెవరు, యీ మూడూ తేలిన తరువాతే చందా వసూలు చేయండి.

మూడోది. యిక్కడ వున్న మాస్టర్లము, రిటైరైన పెద్దలము, నెలకొక చిన్న పాఠం మన మాటలో తయారుచేద్దాము. అయిదు నిముషాలు చాలు. కసర్ అంటే ఏమిటో రొట్టె తుంచి చూపించే పాఠానికి గొప్ప కెమెరా అక్కరలేదు.

నాలుగోది ఇళ్ళకు. రోజుకు ఒక గంట ఇంటి ఫోను కూతురిది. ఆ గంట అందరి ఎదుట, నడింట్లో కూర్చొని వాడుతుంది. భయమూ వుండదు, చదువూ పోదు.

మా వీడియోలకు వచ్చిన నీలి టిక్కులు చూసి మోసపోయినవాణ్ణి నేను. మీరూ రేపు షాదీఖానాలో కంప్యూటరు పెట్టి, ఫోటో దిగి, పని అయిపోయిందనుకోవద్దు. ఆ పిల్ల వచ్చి కూర్చున్నదా, నిన్నటికన్నా నేడు ఒక ముక్క ఎక్కువ తెలిసిందా, యిదొక్కటే లెక్క. అక్క విషయంలో నేను ఆ లెక్క తప్పినాను. చెల్లెలు విషయంలో తప్పకూడదని నా కోరిక. ఆ పిల్ల యిప్పుడు ఎనిమిదో తరగతి లెక్కలు ముందుగానే చేస్తోంది. వాళ్ళ నాయన మొన్న మండీ నుంచి వస్తూ నన్ను ఆపి, "సార్, ఆదివారం ఫోను పిల్లకే యిచ్చినాను" అన్నాడు. వారానికి ఒక రోజు. మొదలంటూ ఒకటి పడింది గదా.

పదిహేను నిముషాలు దాటినట్లున్నాయి. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.